ఏ పార్టు డాక్టరు కావాలి?

మా ఆయనకున్న రోగమేమిటో తెలియకముందే, ఏయే రోగాలకు ఆరోగ్య కార్డు పనిచేస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. గుండెకు స్టెంటు వేస్తే పనిచేస్తుంది. కిడ్నీలో రాయి తీస్తే పనిచేస్తుంది. విరిగిన కాలికి రాడ్డు వేస్తే పనిచేస్తుంది. నిలువెత్తు మనిషి నెలనెలా ఎందుకు తరిగిపోతున్నాడో చూసి చెప్పడానికి మాత్రం పనిచేయదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి మేం కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడూ తిరిగాం.

నేను ఆశా కార్యకర్తను. మేళ్లచెరువు పక్కన ఒక ఊళ్లో పదిహేనేళ్ల పైనుంచీ చేస్తున్నాను. ఎవరు కడుపుతో ఉన్నారు, ఏ పిల్లకు టీకా బాకీ ఉంది, ఏ ముసలామెకు బీపీ గోలీలు అయిపోయాయి, అన్నీ నా నోటి మీదే ఉంటాయి. సర్కారు ఆరోగ్య బీమా కార్డుల కోసం ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు ఇల్లిల్లూ తిరిగి, రానన్నవాళ్లను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి వేలిముద్రలు వేయించింది నేనే. రాతి పని చేసి చేసి అరిగిపోయిన వేళ్లు మిషన్ మీద పడవు. కడిగించి, తుడిపించి, మళ్లీ పెట్టించి నానా తంటాలు పడ్డాను. "ఈ కార్డు ఇంట్ల ఉంటే ఇగ రోగానికి భయపడే పని లేదు" అని నేను చెప్పని గడప లేదు. ఊరందరికీ అంత గొప్పగా చెప్పినదాన్ని, నా ఇంటికి రోగమొస్తే ఆ కార్డు బయటికి తీయకపోతే నా పరువేం కావాలి?

మా ఆయన లారీ డ్రైవరు. ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లోడు తీసుకుపోతాడు. పోయిన ఎండాకాలం నుంచి మనిషి చిక్కిపోవడం మొదలుపెట్టాడు. ముందు అన్నం తగ్గింది, తర్వాత బెల్టుకు కొత్త చిల్లు పడింది, ఆ తర్వాత దాని పక్కన ఇంకోటి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. కేబిన్ ఎక్కడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడని క్లీనర్ వచ్చి చెప్పాడు. ఒకరోజు హైవే మీద కళ్లు తిరిగి బండి పక్కకు ఆపేశాడట. లారీ ఓనరు మంచివాడే, "ఆరోగ్యం మంచిగ చేసుకొని రా అన్నా, బండి యాడికి పోదు" అన్నాడు. అన్న వారానికే ఆ బండి మీద వేరే డ్రైవరు కనిపించాడు. అది చూసిన రోజు నాకు నిజంగా భయం పట్టుకుంది. బండి పోతే ఇంకో బండి దొరుకుతుంది. ఈయన ఏమైపోతాడోనని భయం.

మా ఊళ్లో డాక్టరంటే ఆరెంపీ. ఆయన రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించాడు, బలానికి ఎర్ర సూదిమందు ఇచ్చాడు, ఇంకో రెండు బాటిళ్లు ఎక్కించాడు. చివరికి ఎక్కించడానికి ఏమీ మిగలక, "అక్కా, జనరల్ ఫిజీషియన్‌కు సూపిస్తే మంచిది" అన్నాడు. అదే మాట పట్టుకొని నాకు తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఒకరు కోదాడలో ఎముకల డాక్టరు హస్తవాసి మంచిదన్నారు. ఒకరు నరాల డాక్టరు పేరు చెప్పారు. మా వదిన అయితే పళ్ల డాక్టరును కూడా వదల్లేదు, "సూపిస్తే పోయేదేముంది" అంది. మనిషిని మొత్తంగా చూసే డాక్టరు ఒకడుంటాడనే సంగతే ఎవరికీ పట్టలేదు. మనకు రోగమొచ్చిందంటే ఎక్కడో ఒకచోట రావాలి, అక్కడికే పోవాలి.

ముందు కోదాడ పోయాం. బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలోనే పెద్ద ఆసుపత్రి. 'ఇచ్చట ప్రభుత్వ ఆరోగ్య కార్డులు స్వీకరించబడును' అని డాక్టర్ల పేర్లకంటే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ పార్టండీ?" అంది.

"పార్టంటే ఏందమ్మా?"

"గుండె, కిడ్నీ, ఎముకలు, పొట్ట. ఏ పార్టుకి చూపించుకోవాలండీ?"

"మనిషికి మొత్తానికి సూపియ్యాలె" అన్నాను.

"మొత్తానికి చూసే డాక్టరు గారు ఉన్నారు గానీ ఆయన కార్డులో లేరండీ. ఓపీకి కార్డు చెల్లదు. అడ్మిట్ అయితేనే."

"అయితే అడ్మిట్ చేసుకోండి."

"ఏ జబ్బో తేలకుండా అడ్మిట్ ఎలా చేసుకుంటామండీ?"

"ఏ జబ్బో తేల్చేదెవరు మరి?"

"ఓపీలో డాక్టరు గారండీ."

"ఆ ఓపీకి కార్డు చెల్లదు."

"చెల్లదండీ" అంది ఆ పిల్ల. చిరాకు పడలేదు, ఎగతాళి చేయలేదు. ఎంతో ఓపికగా, నాకు అర్థమయ్యేదాకా ఎన్నిసార్లయినా చెప్పడానికి సిద్ధంగా ఉంది. నాకు అర్థమైంది కాబట్టే ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం బెంచీ మీద కూర్చొని నవ్వుతున్నాడు. "మా మెకానిక్కే నయం. ఇంజన్ సప్పుడు ఇని చెప్తడు" అన్నాడు.

సొంతంగా ఫీజు కట్టి చూపించుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. మా ఆయన కూడా అదే అడిగాడు. కార్డు ఉండగా కట్టడమేమిటి? మా ఊళ్లో రేషను బియ్యం తిననివాళ్లు కూడా రేషను షాపు ముందు లైన్లో నిలబడతారు, హక్కు వదులుకోకూడదని. నేనూ ఆ ఊరిదాన్నే. పైగా ఫీజు కట్టానని తెలిస్తే రేపు నేను చెప్పే మాట ఎవరు వింటారు?

తర్వాత సూర్యాపేట. జిల్లా కేంద్రం కాబట్టి అక్కడ కార్డుకు ఇంకా గౌరవం ఉంటుందనుకున్నాం. బస్సు దిగగానే మా ఆయన ఆటోల వైపు చూస్తూ, "సర్కారు దవాఖానకు పోదామే. నువ్వు నెలకు నాలుగుసార్లు కాన్పులోళ్లను తోల్కపోతనే ఉంటవు గదా" అన్నాడు.

"కార్డు పెట్టుకొని ఉత్తి దవాఖానకు పోతరా ఎవరన్న?" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎంతో తెలివైన మాట అన్నాననుకున్నాను. అక్కడ అందరికీ ఉచితమే. అందరికీ ఉచితమైన చోట కార్డు చూపిస్తే ఏం గొప్ప? కార్డు చూపిస్తే డబ్బున్నవాళ్ల పక్కన ఏసీలో కూర్చోబెట్టాలి. దానికోసమే కదా ఊరంతా వేలిముద్రలు వేసింది.

మేం పోయింది గుండె ఆసుపత్రికి. ఎందుకంటే ఆయాసమొస్తోంది కాబట్టి గుండె అయ్యుంటుందని ఆటో అతను చెప్పాడు. అక్కడ కార్డు కౌంటర్‌లో ఉన్నతను చాలా మంచివాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, కంప్యూటర్‌లో జాబితా తెరిచాడు. పాపం మమ్మల్ని ఎందులోనైనా ఇరికించాలని ఆయన తాపత్రయం.

"పెద్దాయనా, ఛాతిల నొప్పేమన్న వస్తదా?"

"రాదు సార్."

"పట్టేసినట్టు, గుంజినట్టు ఏమన్న?"

నేను మోచేత్తో పొడిచాను. మా ఆయన నన్ను చూసి, ఆయన్ను చూసి, "లేద్సార్" అన్నాడు.

కారిడార్‌లోకి తీసుకుపోయి దులిపేశాను. "గుంజినట్టు అయితదంటే నీ నోరేమన్న అరుగుతదా?"

"లేనిది ఎట్ల చెప్పాలె?"

"ఆయన ముందలనే అందిస్తుండు గదయ్యా. జర అందుకోరాదు?"

ఈసీజీ తీశారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. మొగుడి గుండె బాగుందని చెబితే మొహం వేలాడేసుకొని బయటికొచ్చిన పెళ్లాం సూర్యాపేటలో ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి. తిరుగు బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెంప ఎముకలు బయటికొచ్చి, వయసు పదేళ్లు పైన పడ్డట్టు కనిపించాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ మాటకు మాట అన్న కోపంలో ఉన్నాను కాబట్టి ఏడవలేదు.

మా అవస్థ చూసి ఆరెంపీయే ముందుకొచ్చాడు. మిర్యాలగూడలో తనకు తెలిసిన ఆసుపత్రి ఉందనీ, తానే తీసుకుపోతాననీ అన్నాడు. అక్కడ మమ్మల్ని ఏ పార్టు అని ఎవరూ అడగలేదు. నేరుగా పొట్ట స్కానింగ్ తీశారు. గంటలో రిపోర్టు చేతికొచ్చింది. పిత్తాశయంలో రాయి ఉంది.

దొరికింది.

ఆ రోజు మా సంబరం చెప్పలేను. ఆరెంపీ నా చేతిలోంచి రిపోర్టు లాక్కొని కార్డు కౌంటర్‌కు పరుగెత్తాడు. అది జాబితాలో ఉందా అంటే, ఉంది. ఆపరేషను ఉచితం, మందులు ఉచితం, అన్నం ఉచితం, రానూపోనూ బస్సు చార్జీ కూడా ఇస్తారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఇంటికొచ్చి పలకరించినవాళ్లంతా ముందు రాయి ఎంత పెద్దదని, తర్వాత కార్డులో వస్తుందా అని అడిగారు. వస్తుందంటే, "అదృష్టం. మా మరిదికి ఇన్నేండ్ల సంది ఏదీ కార్డుల రాలే" అని ఒకామె ఈర్ష్యపడింది. మా వదిన చర్చిలో ప్రార్థన పెట్టించి, ఆ కబురు మైకులో చెప్పించింది.

మా ఆయనకు మాత్రం ఒకటే సందేహం. "ఇన్నేండ్ల సంది ఏ నొప్పి లేదు. రాయికి, జొరానికి సంబంధమేందే?"

"డాక్టరువా నువ్వు?"

"కాదనుకో."

"మరి సప్పుడు చెయ్యకు."

ఆపరేషను చేసే డాక్టరును కూడా ఆయన అదే అడిగాడట, నేను మందుల దగ్గర ఉన్నప్పుడు. "ఉంటే ఎప్పుడైనా ఇబ్బందే కదా, కార్డు ఉన్నప్పుడే తీయించేసుకుంటే పోలే" అన్నాడట ఆ డాక్టరు. సరిగ్గా నేను అనుకున్న మాటే అంత చదువుకున్నాయన కూడా అన్నాడని నాకు ఎంతో ధైర్యమొచ్చింది.

అడ్మిట్ చేసుకున్నారు. ఏసీ గది కాదు గానీ ఫ్యాను బాగానే తిరుగుతోంది. ఆకుపచ్చ గౌను వేశారు. అప్పుడు మత్తు డాక్టరు వచ్చాడు. నడివయసు మనిషి, మొహంలో నవ్వూ లేదు, చిరాకూ లేదు. మా ఆయన వీపు మీద గొట్టం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. పీల్చబోయేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. డాక్టరు ఆగాడు. మళ్లీ వేరేచోట పెట్టాడు. ఛాతీ ఎక్స్‌రే తీయించి తెమ్మన్నాడు. అది తెచ్చాక కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఎత్తి పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఈయనకు నేను మత్తు ఇవ్వను" అన్నాడు. "రాయి సంగతి తర్వాత. ముందు ఊపిరితిత్తులు చూపించుకోండి. పైభాగంలో మచ్చ ఉంది."

నేనేం అడగాలి ఆయన్ను? ఆ మచ్చ ఏమిటని అడగాలి. మనిషి బతుకుతాడా అని అడగాలి. నా నోట్లోంచి వచ్చిన మాట, "అది కార్డుల వస్తదా సార్?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దానికి కార్డు అక్కర్లేదమ్మా. సర్కారు దవాఖానకు పోండి" అన్నాడు.

ఆరెంపీ కోసం చూశాను. పొద్దుటి నుంచీ కారిడార్‌లో మాకంటే హడావిడిగా తిరిగినవాడు ఎక్కడా లేడు. ఫోన్ చేస్తే ఊళ్లో అర్జెంటు కేసు ఉందని బస్సెక్కేశానన్నాడు. మా ఆయన గౌను విప్పి చొక్కా వేసుకుంటూ, ఎవరికీ ఏమీ కానట్టు, "మరి రాయి?" అన్నాడు. దాన్ని తీసుకొనే ఇంటికొచ్చాం.

మర్నాడు సూర్యాపేట పెద్దాసుపత్రికి పోయాం. ఆ ఆసుపత్రిలో నాకు తెలియని మూల లేదు. కాన్పుల వార్డు, పిల్లల వార్డు, చీటీలు రాసే చోటు, తాగే నీళ్లు ఎక్కడ చల్లగా ఉంటాయో కూడా తెలుసు. ఎన్నోసార్లు ఆడవాళ్లను పట్టుకొని నడిపించుకుపోయిన వరండాలోనే, వరుసలో మూడో గది తలుపు మీద జనరల్ మెడిసిన్ అని రాసి ఉంది. ఇన్నేళ్లలో అది ఏ పార్టుదో నేను ఎన్నడూ అడగలేదు. చీటీ ఇచ్చినతను కార్డు అడగలేదు. నేను పర్సులోంచి తీసి పట్టుకున్నదాన్ని, మళ్లీ లోపల పెట్టుకున్నాను.

లైను పెద్దదే. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. లోపల ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మా అమ్మాయి ఈడు ఉంటుంది. ఎక్స్‌రే చూసి పక్కన పెట్టి, మా ఆయన వైపు తిరిగి కూర్చుంది. ఏ పార్టు అని అడగలేదు. "ఏమవుతోంది, మొదటి నుంచి చెప్పండి" అంది. ఈ మాట అనే మనిషి కోసమే మేం మూడు ఊళ్లు తిరిగింది.

"దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"అది సిమెంటు దగ్గు మేడం" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మా దగ్గర దగ్గును రోగం కింద లెక్కేయరు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, లారీలోళ్లు, లోడింగువాళ్లు అందరూ దగ్గుతారు. పొద్దున్నే వాకిళ్లలో దగ్గులు వినిపిస్తేనే ఊరు లేచినట్టు. రెండు వారాలు దాటి దగ్గు ఉన్నవాళ్లను రాసుకొని గళ్ల పరీక్షకు, అంటే తెమడ పరీక్షకు, పంపాలని ప్రతి సర్వేకీ నాకు చెబుతారు. నేను సిమెంటు మనుషులను వదిలేసి మిగతావాళ్లను రాసేదాన్ని. వాళ్లనూ రాస్తే వీధి మొత్తం రాయాల్సి వస్తుందని నా తెలివి. ఇక సర్వే ఫారంలో మా ఇంటి వరుసకు వస్తే ఎవరినీ ఏమీ అడక్కుండానే, మంచం మీద కూర్చొని 'లేదు, లేదు, లేదు' అని నింపేసేదాన్ని. ఆ టైముకు ఈయన పక్కనే దగ్గుతూ ఉండేవాడు.

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతోంది. రాత్రిళ్లు చెమటలు పడతాయా అంటే, పడతాయన్నాడు, బనీను పిండుకునేటంత. గళ్లలో ఎప్పుడైనా రక్తం పడిందా అంటే, రెండుసార్లు, దారిలో ఉన్నప్పుడు, అన్నాడు. నాకు ఇవేవీ తెలియవు. ఎందుకు చెప్పలేదని అక్కడే అడిగాను. "నువ్వు అడగలే గదా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

టీబీ అనే అనిపిస్తోందనీ, గళ్ల పరీక్ష చేస్తే తేలుతుందనీ, ఆరు నెలలు మానకుండా మందులు వేసుకుంటే తగ్గిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆమె చెప్పినట్టే తేలింది. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. ఈయన అన్నం రెండోసారి పెట్టించుకుంటున్నాడు, బెల్టు మళ్లీ పాత చిల్లుకు వచ్చింది కాబట్టి ఇవన్నీ వెటకారంగా రాయగలుగుతున్నాను. ఆ రోజు ఆ గదిలో మాత్రం నాకు వెటకారం రాలేదు. ఇంకొన్నాళ్లు ఆ రాయి వెంటే తిరిగి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచనే పట్టుకుంది.

డాక్టరమ్మ చీటీ రాస్తూ తల ఎత్తకుండానే, "ఇన్ని నెలలు ఎవరూ గమనించలేదా? మీ ఊళ్లో ఆశా లేదా? ఇంటికి వచ్చి దగ్గు ఉందా అని అడగదా?" అంది.

ఆ రోజు నేను యూనిఫాం చీర కట్టుకోలేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. లేని గుండెనొప్పిని ఉందని చెప్పలేనివాడు, అబద్ధమాడటం చేతకానివాడు, డాక్టరమ్మ కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"ఉంది మేడం. మంచి మనిషి. అందరి ఇండ్లకు తిరుగుతది. మాది ఆఖరి ఇల్లు, గాడికి వచ్చేసరికి అలిసిపోతది పాపం."

"అలిసిపోతే ఎలా? పరీక్షలో తేలాక రోజూ మందులు ఆమె ఎదుటే మింగాలి. పేరు చెప్పండి, నేను ఫోన్ చేసి మాట్లాడతాను" అంది డాక్టరమ్మ, పెన్ను పట్టుకొని.

నేను నా పేరు చెప్పాను.